రిటైరయ్యాక చూద్దాంలే

నెలాఖరు రోజు మధ్యాహ్నం మూడున్నరకి ఆఫీసు హాల్లో కుర్చీలు సర్దుతారు. శాలువా, పూలదండ, ఏడుకొండలవాడి పటం, ఒక స్వీటు, కొంచెం కారాబూందీ. అందరూ మాట్లాడాక పైఅధికారి మైకు తీసుకుంటాడు. తిరుపతిలో అలాంటి ఒక సభలో ఈమధ్య వినబడిన మాట ఇది: "ఇన్నాళ్లూ ఆఫీసు కోసం బతికినారు సార్, ఇంకమీదట మీకోసం బతకండి. వీణ నేర్చుకోవాలని ఎన్ని తూర్లు అంటిరి! ఇంక మీకు అడ్డం ఎవురు?" చప్పట్లు మోగాయి. రిటైరవుతున్నాయన కూడా నవ్వుతూ తల ఊపాడు. పక్క కుర్చీలో, మెడలో అంతే పెద్ద దండతో ఆయన భార్య కూర్చుని ఉంది.

ఆ మాట ప్రేమతో అన్నదే. అయినా అలాంటిది విన్నప్పుడల్లా నాకు గుబులుగా ఉంటుంది. ఆ రోజుదాకా వీణ మీద చెయ్యి వేయని మనిషికి 62వ ఏట అడ్డమొచ్చేవి చాలానే ఉంటాయి. వాటిలో ఆఫీసు ఎప్పుడూ అంత పెద్దది కాదు. వేళ్లు, మోకాళ్లు, చూపు, మనవళ్లు, పెన్షన్ కాగితాలు, వీటన్నిటికంటే ముందు కాలం. ఇష్టమైన పనికి ఓనమాలు దిద్దాల్సింది ఉద్యోగంలో ఉండగానే అని, రిటైరయ్యాక వచ్చే ఏళ్లు ఆ పనిని అనుభవించడానికి సరిపోతాయే తప్ప మొదటినుంచి నేర్చుకోవడానికి సరిపోవని నా వాదన. దీనికి ఎదురు చెప్పేవాళ్ల దగ్గర మంచి కారణాలే ఉన్నాయి. వాటి దగ్గరికీ వస్తాను.

చేతిలో ఉన్నవి ఎన్ని?

మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసు 1983లో ఒకసారి 58 నుంచి 55కి దిగింది, తర్వాత మళ్లీ 58కి ఎక్కింది. 2014లో 60 అయింది, 2022 జనవరి నుంచి 62. రెండేళ్లు పెరిగినప్పుడల్లా రెండేళ్ల జీతం కలిసొచ్చిందని లెక్క వేసుకుంటాం. అటువైపు నుంచి రెండేళ్లు తీసేయడం మాత్రం మరిచిపోతాం.

దేశం మొత్తం మీద 60 నిండినవాళ్లకి సగటున ఇంకో 18 ఏళ్ల ఆయుష్షు ఉంటుంది. ఆడవాళ్లకి కాస్త ఎక్కువ, మగవాళ్లకి కాస్త తక్కువ. అంటే 62లో బయటికొచ్చిన మనిషి చేతిలో ఉన్నవి పదహారో పదిహేడో. ఇది సగటు. ఒకరికి ఇరవై ఐదు రావచ్చు, ఒకరికి మూడే మిగలొచ్చు. పదహారే అనుకుందాం. మొదటి ఏడాది పెన్షన్ కాగితాలకి, ట్రెజరీ చుట్టూ తిరగడానికి, వచ్చిన డబ్బుతో ఇంటిపైన ఇంకో అంతస్తు వేయడానికి పోతుంది. కూతురి కాన్పుకి అమెరికా వెళ్తే ఆరు నెలలు. కొడుకు బెంగుళూరులో ఉంటే బడి సెలవులన్నీ అక్కడే. ఇంట్లో ఎనభై దాటిన అమ్మో నాన్నో ఉంటే ఆ సేవకి ఎన్నేళ్లు పడుతుందో ఎవరూ చెప్పలేరు, చెప్పమని అడగకూడదు కూడా. 75 దాటాక ఒళ్లు ఏ పనికి ఒప్పుకుంటుందో దాని ఇష్టం. ఇవన్నీ తీసేస్తే ఎనిమిది, మహా అయితే పదేళ్లు.

పెన్షన్ కమ్యూటేషన్ తీసుకున్నవాళ్లకి ఇంకో గుర్తు ఉంటుంది. 40 శాతం దాకా ముందే ఒకేసారి తీసుకుంటే, ఆ కోత పోయి పూర్తి పెన్షన్ మళ్లీ రావడానికి 15 ఏళ్లు పడుతుంది. 62లో రిటైరైతే 77. ఆ నెలలో పెన్షన్ పెరుగుతుంది. అప్పటికి ఆ చేతులు తంతి మీటగలవా, కలం పట్టగలవా అన్నది వేరే సంగతి.

ఇప్పుడు గంటలు చూద్దాం. రిటైరయ్యాక పదేళ్లపాటు, ఏడాదికి 250 రోజులు, రోజుకి రెండు గంటలు గట్టిగా పట్టుకుంటే 5,000 గంటలు. అదే 52 నుంచి 62 దాకా, ఏడాదికి 300 రోజులు, రోజుకి 40 నిమిషాలు కేటాయిస్తే 2,000 గంటలు. తక్కువే. కానీ ఈ 2,000 గంటల్లో నేర్చుకోవడంలోని మోటు భాగం మొత్తం అయిపోతుంది, తర్వాతి 5,000 గంటలూ మన సొంతమవుతాయి. ఇవి లేకుండా అవి మొదలుపెడితే అందులో సగం తప్పటడుగులకే పోతుంది.

వీణ ఏం అడుగుతుంది

సభలో ఆయన పేరు మీద చెప్పారు కాబట్టి వీణనే తీసుకుందాం. నాలుగు వాయించే తంతులు, మూడు తాళం తంతులు, 24 మెట్లు. ముందు మాయామాళవగౌళ రాగంలో సరళీ స్వరాలు మూడు కాలాల్లో, అంటే మూడు వేగాల్లో, జంట స్వరాలు, దాటు స్వరాలు, అలంకారాలు. వారానికి రెండు పాఠాలు, రోజూ అరగంట సాధన ఉంటే అలంకారాలు ముగిసేసరికి దాదాపు ఏడాది. గీతాలు, స్వరజతులకి ఇంకో ఏడాది. మూడో ఏడాదిలో వర్ణం. ఆ తర్వాతే ఒక అన్నమయ్య సంకీర్తనని పాడినట్టుగా వీణ మీద పలికించే ఆశ పెట్టుకోవచ్చు. ఇరవై ఏళ్ల పిల్లకీ అరవై ఏళ్ల పెద్దాయనకీ వరుస ఇదే. పిల్లకి వేళ్లు త్వరగా దారికొస్తాయి, అంతే తేడా.

వేళ్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఎడమచేతి చూపుడువేలు, మధ్యవేలు కొసల మీద తంతి కోసుకుని, మొదటి రెండు మూడు వారాలు మంట పుడుతుంది. తర్వాత అక్కడ కాయ కాస్తుంది. ఆ కాయ లేనిదే నాదం శుభ్రంగా రాదు. పది రోజులు ఊరెళ్లి వాయించకపోతే అది మెత్తబడి కథ మళ్లీ మొదటికొస్తుంది. అందుకే రోజుకి అరగంట వాయించేవాళ్లు ఆదివారం మూడు గంటలు వాయించేవాళ్లని దాటిపోతారు. కొత్తలో అందరూ చేసే తప్పు మెట్టు మీద తంతిని గట్టిగా అదమడం. మెట్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి అదిమినకొద్దీ స్వరం హెచ్చిపోతుంది. శ్రుతి సరిగ్గా లేదనుకుని బిరడాలు తిప్పుతూ కూర్చుంటారు, తప్పు వేలిలో ఉంటుంది. గమకం కోసం తంతిని పక్కకి లాగి ఒకే మెట్టు మీద రెండు మూడు స్వరాలు పలికించాలంటే వేలికి బలం కావాలి. షుగరు చాలాకాలంగా ఉన్నవాళ్లకి వేలికొసలు మొద్దుబారడం, వేలు ముడుచుకుని బిగుసుకుపోవడం మామూలుకంటే ఎక్కువ. మన ఊళ్లో అరవై దాటినవాళ్లలో షుగరు లేని ఇల్లు వెతుక్కోవాలి.

తిరుపతి ఎండకి వీణ విషయంలో ప్రత్యేకంగా ఒక జాగ్రత్త అవసరం. మెట్లు తేనెమైనంలో మసి కలిపి చేసిన దిమ్మ మీద నిలబడి ఉంటాయి. మే నెలలో మూసిన కారులోనో, పైకప్పు కాలే గదిలోనో వదిలేస్తే మైనం మెత్తబడి మెట్లు జరుగుతాయి. ఒక్క మెట్టు కదిలినా దాని మీద ఏ తంతి మీటినా అపస్వరమే. మళ్లీ మేళం కట్టించడానికి, అంటే మైనంలో మెట్లని స్వరానికి సరిగ్గా కూర్పించడానికి, ఆ పని తెలిసినవాళ్లు ఊరికి ఒకరో ఇద్దరో ఉంటారు, వాళ్ల కోసం నెలలు ఆగాల్సి రావచ్చు. పదేళ్లే ఉన్న మనిషికి నెలలు చిన్నవి కావు.

నేల మీద బాసిపట్లు వేసుకుని గంట కూర్చోవడం ఇంకో పరీక్ష. మోకాళ్లు సహకరించకపోతే కుర్చీలో కూర్చుని, వీణని ఎత్తైన బల్ల మీద ఆనించి వాయించవచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు. కాకపోతే కుర్చీలో కూర్చున్నప్పుడు ఎడమచెయ్యి వంపు మారుతుంది. ముందునుంచీ అలవాటున్నవాళ్లకి ఆ మార్పు వారం రోజుల పని. కొత్తవాళ్లకి రెండు కష్టాలు ఒకేసారి మీద పడతాయి.

శ్రీకాళహస్తి కలం

తిరుపతి నుంచి శ్రీకాళహస్తి గంట ప్రయాణం లోపే. ఇక్కడి రిటైరైనవాళ్లు, ముఖ్యంగా బొమ్మలు వేసే అలవాటున్న టీచర్లు, "ఎప్పుడో ఒకప్పుడు కలంకారీ నేర్చుకోవాలి" అంటుంటారు. అది బొమ్మ గీయడంతో అయిపోయే పని కాదని ఒక్కసారి దగ్గరినుంచి చూస్తే తెలుస్తుంది.

గాడా అనే ముతక నూలు గుడ్డని నానబెట్టి, ఉతికి, గంజి మొత్తం పోగొట్టాలి. తర్వాత కరక్కాయ పొడి కలిపిన ఎనుముపాలల్లో ముంచి, గట్టిగా పిండి, ఎండబెట్టాలి. కరక్కాయలోని వగరు రంగుని పట్టుకుంటుంది, పాలలోని వెన్న రంగు పాకకుండా ఆపుతుంది. పాలు తక్కువైతే గీత ఊరిపోయి ముక్కు ఉన్నచోట మచ్చ మిగులుతుంది. ఎక్కువై సరిగా పిండకపోతే గుడ్డ జిడ్డుగా మారి వాసన వేస్తుంది, కలం జారిపోతుంది. చింతపుల్లల బొగ్గుతో బొమ్మ గీసుకుని, దాని మీద కసిమితో నల్లగీత దిద్దుతారు. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం నీళ్లలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే తయారయ్యేదే కసిమి. కలంలో ఉన్నప్పుడు పలచగానే కనిపిస్తుంది, కరక్కాయ పట్టిన గుడ్డని తాకగానే నల్లబడుతుంది. ఇక చెరిగేది లేదు. వెదురు పుల్లకి చుట్టిన ఉన్నిగుడ్డని వేళ్లతో నొక్కుతూ, ఎంత నొక్కితే ఎంత రంగు దిగుతుందో చెయ్యి తనంతట తాను తెలుసుకోవాలి. ఈ తెలివి పుస్తకంలో దొరకదు, రెండో నెలలో కూడా రాదు.

ఎరుపు కావాల్సిన చోట పటిక నీళ్లు రాసి, కనీసం ఒక రోజు ఆగి, పారే నీళ్లలో ఉతకాలి. నిలవ నీళ్లలో ఉతికితే విడిపోయిన పటిక పక్కకి పాకి, ఎరుపు అక్కర్లేని చోట కూడా ఎరుపు పడుతుంది. అక్కడి స్వర్ణముఖి నది పారని నెలల్లో ఈ ఒక్క అంచెకే ఎంత అవస్థో అక్కడివాళ్లని అడగాలి. తర్వాత మంజిష్ఠ, చవలికొడి, సురుడుచెక్క లాంటి ఎరుపునిచ్చే వేళ్లు, చెక్కలతో గుడ్డని ఉడికించాలి, కట్టెతో తిప్పుతూనే ఉండాలి. తిప్పడం ఆపితే రంగు మరకలు మరకలుగా పడుతుంది. మళ్లీ ఉతకడం, పేడనీళ్లలో నానబెట్టి ఎండలో తెల్లగా చేయడం, మళ్లీ పాలు, అప్పుడు పసుపు, అప్పుడు నీలిమందు. మొత్తం పదిహేడు అంచెలని చెబుతారు.

వీటిలో ఏ అంచె ఏ వయసులో చేయగలమో గమనించండి. తడిసిన ఆరేడు గజాల గుడ్డని నీళ్లలోంచి ఎత్తి బండకేసి ఉతకడం, పొయ్యి ముందు నిలబడి తిప్పడం నడుం బలంతో జరిగే పనులు. కసిమి గీతకి వణకని చెయ్యి, దగ్గరి చూపు కావాలి. నలభై దాటాకే దగ్గరి చూపుకి అద్దాలు వస్తాయి, అరవైల్లో శుక్లాలు. బొమ్మని ఎలా కూర్చాలి, కథని ఎన్ని గళ్లలో చెప్పాలి అనే ఆలోచన ఒక్కటే వయసుతో పదునెక్కుతుంది. కాబట్టి చేతిపని యాభైల్లో నేర్చుకున్న మనిషికి డెబ్బైల్లో కూడా చేయడానికి పని మిగులుతుంది. ఉతుకు, ఉడుకు చేసిపెట్టే మనిషిని కూలికి పెట్టుకుని, గీత మాత్రం తాను గీసుకోవచ్చు. 62లో మొదలుపెట్టినవాళ్లకి ఈ వెసులుబాటు ఉండదు, ఎందుకంటే ఏ అంచెలో ఏం తేడా వచ్చిందో చెప్పగలిగితేనే వేరేవాళ్ల చేత చేయించుకోగలం.

చెట్టు, కొండ

మామిడి గురించి చిత్తూరు జిల్లావాళ్లకి నేను చెప్పేదేముంది. అయినా రిటైరయ్యాక ఊరి పొలంలో తోట వేస్తానని అనేవాళ్లు ఈ లెక్క ఒకసారి వేసుకుంటే మంచిది. పది మీటర్ల ఎడంతో ఎకరాకి 40 మొక్కలు. వేసవిలో మీటరు పొడవు, వెడల్పు, లోతుతో గుంతలు తీసి రెండు వారాలైనా ఎండనివ్వాలి. పైమట్టిలో 40, 50 కిలోల చివికిన పశువుల ఎరువు, 2 కిలోల సూపర్ ఫాస్ఫేటు కలిపి నింపి, వానలు పడ్డాక అంటు నాటాలి. అంటు కట్టిన చోటు నేలకి పైనే ఉండాలి. దాన్ని మట్టిలో పూడ్చేయడం, అంటుకి చుట్టిన ప్లాస్టిక్ పట్టీ విప్పడం మరిచిపోవడం, అంటు కింద వేరుమొక్క నుంచి వచ్చే చిగుళ్లని గిల్లకపోవడం అనే మూడు తప్పులతోనే సగం తోటలు పాడవుతాయి. మొదటి మూడు నాలుగేళ్లు పూత వచ్చినా తుంచేయాలి. లెక్కకొచ్చే కాపు ఐదారేళ్లకి, నిండు కాపు పది దాటాక. 63లో నాటిన బేనీషా (బంగినపల్లి) 73లో నిండుగా కాస్తుంది. 53లో నాటితే రిటైరైన మరుసటి ఎండాకాలమే చెట్టు కింద మంచం వేసుకోవచ్చు. నీళ్లు పెట్టే మనిషి ఉంటే చాలు, చెట్టుకి మన ఉద్యోగంతో పని లేదు.

తిరుమల కొండ విషయం వేరు, దానికి మోకాళ్లే ముఖ్యం. అలిపిరి దారిలో 3,550 మెట్లు, శ్రీవారిమెట్టు దారిలో 2,388. ఇవి ఏడాది పొడుగునా ఉంటాయి, ఈ నెల కాకపోతే వచ్చే నెల ఎక్కొచ్చు. కొండ మీది అడవిలో ఉన్న తుంబురు తీర్థం అలా కాదు. ఫాల్గుణ పౌర్ణమి ముక్కోటికి, ఏడాదికి ఒక్కసారే వదులుతారు. రామకృష్ణ తీర్థం పుష్య పౌర్ణమికి. పాపవినాశనం దాటి అడవిలో రాళ్ల మీద, వాగులో నడక. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్నవాళ్లు రావద్దని దేవస్థానమే చెబుతూ ఉంటుంది. "రిటైరయ్యాక తుంబురు తీర్థం చూస్తా" అన్న మనిషికి పదేళ్లు ఉన్నాయనిపిస్తుంది. నిజానికి ఉన్నవి పది పౌర్ణములు. అందులో ఒకటి పరీక్షల కాలంలో మనవడి దగ్గర, ఒకటి మైలలో, ఒకటి మోకాలి వాపులో పోతుంది. కొన్ని ఇష్టాలని ఏళ్లతో కాకుండా ఎన్నిసార్లు వీలవుతుందో దానితో కొలవాలని నేననేది ఇందుకే.

ఆగగలిగేవి

అన్నీ తొందరపెట్టేవే ఉండవు. శాసనాలు చదవడం వయసు మీదపడ్డాక కూడా చక్కగా సాగే పని. తిరుమల ఆలయ శాసనాలని 1930లలోనే దేవస్థానం ఆరు సంపుటాలుగా అచ్చు వేసింది. ఆ పని వెనక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి గారి కష్టం ఉంది. గోడల దగ్గర నిలబడి మెడలు విరుచుకోనక్కర్లేదు, బల్ల మీద పుస్తకం పెట్టుకుని, పెద్ద దీపం, భూతద్దం దగ్గరుంచుకుంటే చాలు. అందులో చాలా భాగం తమిళం. కాబట్టి తెలుగు మాత్రమే చదవగలిగినవాళ్లు ముందు తమిళ అక్షరాలు నేర్చుకోవాలి. చిత్తూరు జిల్లాలో మాట్లాడే తమిళం చాలామందికి చెవులారా తెలుసు, అక్షరం ఒక్కటే అడ్డం. పన్నెండు అచ్చులు, పద్దెనిమిది హల్లులు, రోజుకి అరగంట చొప్పున రెండు నెలలు. ఆ తర్వాత 1513లో మొదటిసారి కొండకొచ్చిన కృష్ణదేవరాయలు ఏమిచ్చాడు, ఏ దీపానికి ఎన్ని ఆవులు, ఏ పొలం ఆదాయంతో ఏ ప్రసాదం అనే లోకం తెరుచుకుంటుంది.

ఇదే శాసనాల పనిలో అచ్చుకాగితం మీద నకలు తీయడం మాత్రం కుర్రవాళ్ల పని. రాయిని కుంచెతో రుద్ది కడిగి, తడికాగితం అద్ది, కుచ్చుతో కొట్టి అక్షరం లోయల్లోకి దించి, ఆరీ ఆరకముందే సిరా అద్దాలి. ఆరిపోతే కాగితం లేచిపోతుంది, మరీ తడిగా ఉంటే సిరా పాకుతుంది. ముంగాళ్ల మీద కూర్చుని గంటల తరబడి చేయాలి, రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి కావాలి. ఒకే ఇష్టంలో ఒక భాగం ఇప్పుడే చేయాల్సింది, ఇంకో భాగం ఆగగలిగేది. మన జాబితాలో ఉన్న ప్రతిదాన్నీ ఇలా చీల్చి చూసుకోవాలి.

ఎదురు మాటలు

యాభైల్లో ఉన్న మనిషికి వీణలా, కలంకారీలా అని అడిగేవాళ్లు ఉంటారు. పిల్లల చదువుల అప్పులు, ఇంటి లోను, పెళ్లిళ్లు అప్పుడే కదా. నిజమే. ఇంకా నిజం చెప్పాలంటే ఈ లెక్కంతా నెలజీతం, పెన్షన్ ఉన్నవాళ్లది. దామలచెరువు మామిడి మండీలో గంపలు మోసేవాళ్లకి, గుజ్జు ఫ్యాక్టరీలో సీజనుకి పనిచేసే ఆడవాళ్లకి, సేద్యం చేసేవాళ్లకి రిటైరయ్యే తేదీయే లేదు. వాళ్లకి ఈ సలహా ఇవ్వడానికి నాకు నోరు రాదు. జీతం ఉన్నవాళ్లలో మాత్రం రోజుకి 40 నిమిషాలు లేనివాళ్లు తక్కువ. డబ్బు లేకపోవడంకంటే, పనికిరాని పనికి కాలం ఖర్చుపెడుతున్నామన్న సిగ్గే ఎక్కువగా అడ్డం వస్తుంది.

ఇష్టం కోసం చేసే పనిలో నైపుణ్యం ఎందుకన్నది ఇంకా గట్టి మాట. తోచినట్టు వాయించుకుంటే ఆనందం రాదా? దీని గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. మొదటి ఆరు నెలలు వీణ ఎవరికీ ఆనందం ఇవ్వదు, గీసుకున్న గీత ఊరిపోతే ఎవరికీ సంతోషం కలగదు. ఆ గట్టు దాటాకే ఆనందం. 62లో గట్టు దాటలేకపోవడానికి ఒంటికంటే మనసే పెద్ద కారణం. ముప్పై ఏళ్లు ఫైళ్ల మీద సంతకం చేసి, నిన్నటిదాకా నలుగురి చేత "సార్" అనిపించుకున్న మనిషికి, పాతికేళ్ల టీచరమ్మ "తాళం తప్పింది, మొదటినుంచి వాయించండి" అంటే గుండెలో గుచ్చుకుంటుంది. మూడు వారాల తర్వాత పాఠానికి వెళ్లడం మానేస్తారు, మోకాళ్లు నొప్పి అని చెబుతారు. యాభైలో అదే మాట పడితే అంత బాధ ఉండదు, ఎందుకంటే మనిషి గౌరవానికి ఆఫీసు అనే చోటు ఇంకా వేరే ఉంది. వీణ ఒక్కటే తన గొప్పతనాన్ని నిలబెట్టాల్సిన అవసరం అప్పుడు ఉండదు.

ఉద్యోగమే ఇష్టమైనవాళ్లూ ఉన్నారు. వాళ్ల గురించి నాకు బెంగ లేదు.

నాకు తేలని సందేహం ఒకటుంది. ఇలా ఏళ్లు, పౌర్ణములు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే ఆత్రం పుడుతుంది. వీణకీ, కసిమి గీతకీ ఆత్రం అంటే పడదు. లెక్క తెలిసిన మనిషి నెమ్మదిగా సాధన చేయగలడా? చేయగలిగినవాళ్లు ఉన్నారు. లెక్క ఒక్కసారి వేసుకుని, కాగితం మడిచి బీరువాలో పెట్టేసి, మర్నాటినుంచి ఆ పూట పాఠం మాత్రమే చూసుకునే స్వభావం వాళ్లది. అందరికీ అది సాధ్యమని మాత్రం అనలేను.

యాభైల్లో చేయగలిగినవి

ప్రభుత్వ ఉద్యోగికి సంపాదిత సెలవు (ఈఎల్) ఏడాదికి 30 రోజులు జమవుతుంది, జనవరి 1న పదిహేను, జూలై 1న పదిహేను. 300 దాటితే ఆపైన జమ కాదు. రిటైరైన రోజున డబ్బుగా మార్చుకోగలిగేది కూడా ఆ 300 రోజులే. చాలామంది నలభై ఐదు దాటేసరికే ఆ గీతకి చేరుకుని, తర్వాత వచ్చే సెలవులు ఊరికే పోగొట్టుకుంటారు. ఆ పోయే రోజుల్లోంచి ఏడాదికి పది పన్నెండు ఒకేసారి తీసుకోండి. కలంకారీ అయితే జనవరి చివర, ఫిబ్రవరిలో తీసుకోవాలి. గుడ్డ ఎండడానికి ఎండ చాలు, మనిషిని మాడ్చేంత ఉండదు. టీచర్లకి ఈ సెలవులు తక్కువ, వాళ్లకి వేసవి ఉంది.

రోజువారీ సాధన పొద్దున్నే, స్నానానికి ముందు పెట్టుకుంటేనే నిలుస్తుంది. రాత్రి భోజనం తర్వాత అనుకున్నది రెండో వారానికే ఆగిపోతుంది. వాయిద్యాన్ని అటక మీద పెట్టొద్దు. గదిలో ఒక మూల చాప మీద, చెయ్యి చాస్తే అందేలా ఉండాలి. ఖరీదైన బొబ్బిలి వీణ మొదటే కొనొద్దు, టీచరు చూసి బాగుందన్న పాతది చాలు. మేళం సరిగా ఉందో లేదో కొనే ముందే వాయించి చూపించమనాలి. మూడు ఇష్టాలు ఉంటే ఒంటిబలం ఎక్కువ అడిగేదాన్ని ముందు పట్టుకుని, మిగతా రెండిటినీ నిజంగా పక్కన పెట్టాలి.

రిటైరయ్యాక వచ్చి పడే పదవుల మీద కూడా కన్నేసి ఉంచాలి. కాలనీ సంఘం కోశాధికారి, గుడి కమిటీ, పెన్షనర్ల సంఘం, పెళ్లి సంబంధాల మధ్యవర్తిత్వం. "ఖాళీగానే ఉన్నారు గదా సార్" అనే మాటతో మొదలవుతాయి. ఇవి మంచి పనులే, ఎవరో ఒకరు చేయాల్సినవే. అయితే రోజుకి రెండు గంటలన్న ఆ లెక్కలోంచే ఇవీ తింటాయి. ఒకటి ఒప్పుకుని రెండోదానికి దణ్ణం పెట్టేయాలి.

చివరికి ఆ సభలో పక్క కుర్చీలో కూర్చున్నామె సంగతి. ఆమె మెడలోనూ దండ వేశారు, ఆమె సేవలనీ పొగిడారు. ఆమె పని ఏ నెలాఖరుకి అయిపోతుందో మాత్రం ఎవరూ ప్రకటించలేదు. ఇంట్లో మగమనిషి రిటైరైతే ఆమెకి పని పెరుగుతుంది. పొద్దున్న క్యారియరు కట్టేస్తే అయిపోయే మధ్యాహ్నం వంట ఇప్పుడు ఒంటిగంటకి వేడిగా చేయాలి, పదకొండుకి ఒకసారి, నాలుక్కి ఒకసారి కాఫీ. ఆడవాళ్ల సగటు ఆయుష్షు కాస్త ఎక్కువన్న లెక్క ఆమె కాలానికి ఏమీ కలపదు. ఆమెకీ ఒక సంగీతం పుస్తకం ఎప్పుడో మూసి పెట్టింది ఉండొచ్చు. పెళ్లికి ముందు వర్ణాల దాకా నేర్చుకుని ఆపేసిన ఆడవాళ్లు ఈ ఊళ్లో వీధికొకరు ఉంటారు. మూడేళ్ల మోటు పని ఎప్పుడో ముగించినవాళ్లు వాళ్లు. వీణ ముందుకి జరగాల్సింది వాళ్ల వైపే. కాబట్టి వీణ కొనేముందు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోవాల్సినవి ఇవి: సాయంత్రం ఐదు నుంచి ఆరున్నర దాకా కాఫీ, టిఫిను, గేటు తలుపు, మనవడి హోంవర్కు ఎవరు చూసుకుంటారు, వారంలో ఏ మూడు రోజులు ఆయన, ఏ మూడు రోజులు ఆమె. అది కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాకే దుకాణానికి వెళ్లాలి.